మంచాన పడ్డ పెద్దావిడను ఊళ్ళోనే చూసుకోవడం, చివరి రోజులు: ముందే సర్దుకోవాల్సినవి

అమ్మమ్మగారికి 87 ఏళ్ళు, ఇక వైద్యం చేసి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు, ఆసుపత్రి గంటన్నర దూరం అని రాశారు. ఎలా చూసుకోవాలి, చివరి ఘడియ దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది, పోయాక వెంటనే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

పల్లెలో జబ్బు ఎంత బాధ పెడుతుందో దూరమూ అంతే బాధ పెడుతుంది. అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే ఇంట్లో మందుండదు. ఆ కంగారులో బండెక్కిస్తారు, ప్రాణం దారిలో పోతుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి కదలకముందే డాక్టరుతో ఒక కాగితం రాయించుకోండి. నొప్పికి, వాంతికి, కలవరానికి, గొంతులో గురగురకి ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకోసారి అన్నది అందులో ఉండాలి. అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: మింగలేని స్థితి వచ్చాక అవే మందులు ఎలా ఇవ్వాలి? నాలుక కింద పెట్టేవా, చర్మానికి అంటించే పట్టీనా, చర్మం కిందకి ఇచ్చే ఇంజెక్షనా? చివరి రెండు మూడు రోజుల్లో మాత్రలు ఎందుకూ పనికిరావు. మందులు ముందే తెచ్చి ఒక డబ్బాలో పెట్టుకోండి. ప్రాణం పోతే ధ్రువీకరించడానికి ఎవరిని పిలవాలో కూడా అప్పుడే అడగండి.

గట్టి నొప్పికి ఇచ్చే మందు మార్ఫిన్ అంటే చాలామందికి భయం. తగిన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదు. మామూలు మార్ఫిన్ మాత్ర గానీ ద్రావణం గానీ సుమారు 4 గంటలే పనిచేస్తుంది. అందుకే ఆవిడ మూలిగేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే చోటు) తెరిచిన డాక్టర్ సిసిలీ సాండర్స్ పట్టుబట్టి చెప్పిందీ ఇదే. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలవ్వాలి, లేకపోతే నాలుగైదు రోజులకి కడుపు బిగుసుకుపోతుంది. పిలిచినా లేవనంత మగత, కాళ్ళూ చేతులూ ఉలిక్కిపడినట్టు అదరడం కనబడితే మందు ఒంట్లో పేరుకుంటోందని అనుమానించాలి. మూత్రపిండాలు సరిగా లేనివాళ్ళలో ఇది తొందరగా వస్తుంది. డాక్టరుకి ఫోన్ చేయండి, మోతాదు మీరే మార్చకండి.

ఇక పడక పుండ్లు. నడుం కింద ఎముక, తుంటి, మడమలు, చీలమండలు, తల వెనక: పుండు మొదలయ్యేది ఇక్కడే. 2 గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకి తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, అందుకని వీపు వెనక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు వాల్చితే చాలు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి. మడమలు గాలిలో తేలాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి లాగకండి, లోపలి చర్మం చిరుగుతుంది. నడుం కింద మడతపెట్టిన దుప్పటి పరిచి, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఎత్తి జరపాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటిమీద ఎరుపు తెలియదు, అక్కడ వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. ఆ మచ్చని రుద్దకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు వాడొద్దు, చుట్టూ రక్తం ఆడకుండా చేసి పుండుని పెంచుతుంది. గాలి పరుపు మంచిదే గానీ, అది ఉందని పక్క మార్చడం మానేస్తే పుండు ఖాయం. కరెంటు పోతే మెల్లగా గాలి దిగిపోతుంది కాబట్టి కింద మందపాటి ఫోమ్ పరుపు ఉంచండి.

తిండి విషయంలో చుట్టాల మాట వినకండి. ఆకలి తగ్గడం చావుకు కారణం కాదు, ఒళ్ళు మూతపడుతోందనడానికి గుర్తు. బలవంతంగా పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడిగితేనే పెట్టండి. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి అర చెంచా పెట్టి, మింగారని చూశాకే రెండోది. తర్వాత అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మాట తడితడిగా వినిపిస్తే అక్కడితో ఆపేయాలి. చివరి రోజుల్లో సెలైన్ ఎక్కిస్తే చాలావరకు కాళ్ళ వాపు, గొంతులో నీరు పెరగడమే జరుగుతుంది. దాహంలా కనిపించేది ఎక్కువగా నోరు ఎండడమే. 2 గంటలకోసారి తడి దూదితోనో మెత్తటి బ్రష్‌తోనో నోరు తుడిచి పెదాలకి తడి పూయండి. నాలుక మీద తెల్లటి పొర కట్టి తుడిచినా పోకపోతే అది ఫంగస్ కావచ్చు, మందుంది.

ఉన్నట్టుండి పెనుగులాట మొదలైతే నిద్రమందు కంటే ముందు పొత్తికడుపు చూడండి. మూత్రం నిండిపోయో, మూత్రానికి పెట్టిన గొట్టం మెలిపడో, మలం గట్టిపడో ఉంటుంది. ఊపిరి ఆడనట్టుంటే ముఖం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పడం, తలవైపు ఎత్తడం చాలామందికి ఉపశమనం ఇస్తుంది.

దగ్గరపడిన గుర్తులు ఇవి: రోజంతా నిద్ర, మూత్రం తగ్గి ముదురు రంగు రావడం, పాదాలు చల్లబడడం, మోకాళ్ళ మీద నీలిమచ్చలు, మణికట్టు దగ్గర నాడి అందకపోవడం. ఊపిరి మెల్లగా పెరిగి, తగ్గి, ఆగి, మళ్ళీ మొదలవుతుంది. డబ్లిన్ డాక్టర్లు చేన్ 1818లో, స్టోక్స్ 1854లో వర్ణించిన శ్వాస ఇదే. ఆగినప్పుడు అర నిమిషం పైగా ఆగినా కంగారు పడకండి. గొంతులో గురగుర వినేవాళ్ళకే కష్టం, అప్పటికి స్పృహ అంతగా లేని ఆవిడకు తెలియకపోవచ్చు. పక్కకి వాల్చి పడుకోబెట్టండి. లోపలికి గొట్టం పెట్టి పీల్చడం వల్ల బాధే ఎక్కువ. ఒక్కోసారి ముందురోజు చక్కగా కళ్ళు తెరిచి మాట్లాడతారు. ఆరేముందు దీపం వెలుగు అంటారే, అది. కోలుకున్నారనుకుని మందులు ఆపేయకండి, రావాల్సినవాళ్ళకి ఫోన్లు చేయండి. వింటున్నట్టే మాట్లాడుతూ ఉండండి.

ఊపిరి ఆగాక టైమ్ చూసి రాసుకుని కనీసం 5 నిమిషాలు గమనించండి. తర్వాత తొందరపడాల్సినవి కొన్ని మాత్రమే. దవడ సాధారణంగా 2 నుంచి 4 గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. ఈలోపే కట్టుడు పళ్ళు పెట్టి, గడ్డం కింద చుట్టిన తువ్వాలు ఉంచి, రెప్పల్ని అర నిమిషం వేళ్ళతో మూసి పట్టుకోవాలి. కాళ్ళూ చేతులూ చాపండి, ఉంగరాలు తీయండి. తల దిండు మీదే ఉంచితే ముఖం నల్లబడదు. కింద ప్యాడ్ వేయండి, మలమూత్రాలు కారవచ్చు. పక్కకి తిప్పినప్పుడు గాలి బయటికొచ్చి మూలిగినట్టు శబ్దం వస్తుంది, బతికి ఉన్నారని కాదు. ఎండాకాలమైతే, దూరం నుంచి ఎవరికోసమైనా ఆగాలంటే, గుడ్డలో చుట్టిన ఐసు పొట్ట మీద, పక్కల్లో పెట్టండి.

గుండెకి పేస్‌మేకర్ (గుండె సరిగా కొట్టుకోవడానికి ఛాతీలో అమర్చే చిన్న పరికరం) ఉంటే, దహనం చేసేటట్టయితే, తీయించకుండా చితి మీద పెట్టకూడదు, బ్యాటరీ పేలుతుంది. మరణ ధ్రువపత్రం కోసం ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే కవర్లో ఉంచండి. ఒంటిమీది మందు పట్టీ తీసి, జిగురు వైపు లోపలికి మడిచి, మిగిలిన మార్ఫిన్‌తో కలిపి ఇచ్చిన చోటే తిరిగి అప్పజెప్పండి.