నెల రోజులు ఊరెళ్తున్నాం, బ్యాటరీ సెన్సర్లను నమ్మొచ్చా?

సందేహం: మినియాపోలిస్‌లో ఈ మధ్యే ఇల్లు కొన్నాం. సంక్రాంతికి పిల్లలతో విజయవాడ వెళ్తున్నాం. తలుపు లాక్, లీక్ సెన్సర్లు, బయటి కెమెరా అన్నీ బ్యాటరీవే. యాప్‌లో అన్నీ 90 శాతం పైనే ఉన్నాయి. నిశ్చింతగా వెళ్లొచ్చా?

వెళ్లండి తమ్ముడూ, కానీ ఆ శాతాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి. మొదటి ఇల్లు కొన్న కొత్తలో నేనూ మీలాగే యాప్ చూసుకుని విమానం ఎక్కాను. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన సెన్సర్ పెట్టాను కదా, ఇంకేం అనుకున్నాను. తెనాలిలో కూర్చుని రోజూ చూసేవాణ్ణి, రోజూ "పొడిగా ఉంది" అనే వచ్చేది. తిరిగొచ్చి తలుపు తీస్తే ముక్కిన వాసన. హీటర్ అడుగున ట్యాంకు కారి కార్పెట్ అంతా నానిపోయింది, డ్రైవాల్ మోకాలెత్తు దాకా ఉబ్బిపోయింది. సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది. అది చివరిసారి పంపిన కబురునే యాప్ నాకు రోజూ చూపిస్తూ వచ్చింది.

ఇక డబ్బు సంగతి. పైపు హఠాత్తుగా పగిలితే మామూలుగా ఇన్సూరెన్స్ ఇస్తుంది. వారాల తరబడి కారితే చాలా పాలసీలు ఇవ్వవు. మీ పాలసీలో ఏముందో మీరే చదువుకోండి. నాకైతే రాలేదు. కార్పెట్ పీకించడం, గోడ కోయించడం, ఆరబెట్టే యంత్రాల అద్దె, అన్నీ నా జేబులోంచే పోయాయి. ఆ డబ్బుతో ఊళ్లో నాన్నగారి ఇంటికి పైన శ్లాబు వేయించి ఉండేవాణ్ణి.

శాతం ఎందుకు మోసం చేస్తుందంటే, చాలా పరికరాలు వోల్టేజిని చూసి లెక్క కడతాయి. మామూలు ఆల్కలైన్ సెల్ వోల్టేజి మెల్లగా దిగుతుంది కాబట్టి ఆ లెక్క కాస్త కుదురుతుంది. లిథియం సెల్ అలా కాదు, చివరిదాకా నిలబడి ఒక్కసారిగా కూలిపోతుంది. అందుకే చూడాల్సింది శాతాన్ని కాదు, "చివరిసారి ఎప్పుడు మాట్లాడింది" అన్న సమయాన్ని. సెన్సర్ నిద్రపోతూ మధ్యమధ్య లేచి హబ్‌కి, అంటే సెన్సర్ల కబుర్లన్నీ అందుకునే పెట్టెకి, కబురు పంపుతుంది. నేను వాడే జిగ్బీ2ఎంక్యూటీటీ (జిగ్బీ వైర్‌లెస్ సెన్సర్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్)లో అవైలబిలిటీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, బ్యాటరీ పరికరం 1500 నిమిషాలు, అంటే 25 గంటలు పలక్కపోతే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ఇంటి పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌తో దానికి ఫోన్ అలర్ట్ కట్టుకున్నాక నాకు నిద్ర పడుతోంది. మీ యాప్‌లో అలాంటి సదుపాయం లేకపోతే ఆ సమయాన్ని రోజూ మీరే చూసుకోవాలి.

బయల్దేరే ముందు ప్రతి సెన్సర్‌లో కొత్త సెల్ వేసి, తేదీ రాసిన టేపు ముక్క అంటించండి. లీక్ సెన్సర్‌కి తడి గుడ్డ ఆనించి ఫోన్ మోగుతుందో లేదో చూడండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని బటన్ సెల్స్‌కి చేదు పూత పూస్తారు. ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కరెంటు అందదు, సెల్ కొత్తదైనా పరికరం పలకదు. పూత ఉన్నా లేకపోయినా పాత సెల్స్ పిల్లలకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లోనే గొంతు కాలిపోవచ్చు.

లాక్‌లో కంపెనీ చెప్పిన రకమే వేయండి. చాలావాటికి ఆల్కలైనే. గడియ చట్రానికి రాసుకుంటుంటే మోటారు కష్టపడి బ్యాటరీని తినేస్తుంది, చలికాలం మరీను. లోపలి బ్యాటరీ అయిపోయినా బయటినుంచి తెరుచుకునేలా కొన్ని లాకుల అడుగున 9 వోల్టుల బ్యాటరీ ఆనించే చోటు ఉంటుంది. మీ దానికి ఉందేమో చూసుకోండి, తాళంచెవి మాత్రం పక్కింటివాళ్లకి ఇచ్చి వెళ్లండి. బయటి కెమెరా మీద ఆశ పెట్టుకోకండి. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ ఎక్కించుకోదు, దానికి సోలార్ ప్యానెల్ ఉన్నా జనవరిలో అది అలంకారమే.

ఇవన్నీ చేశాక కూడా వెళ్లే రోజు నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, హీటింగ్ 55 ఫారన్‌హీట్‌కి తగ్గకుండా పెట్టండి. ఇల్లు వేడినీళ్ల రేడియేటర్లతో వేడయ్యేదైతే వాల్వు ముట్టుకునే ముందు ప్లంబర్‌ని అడగండి. ఆయనకిచ్చే ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.