విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లో స్టీమ్‌ఓఎస్ వేసుకోవచ్చా?

పలాస నుంచి ఎచ్చెర్లలోని కాలేజీకి రైల్లో తిరుగుతున్నానని, ఇటీవల కొన్న విండోస్ 11 హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలో (చేతిలో పట్టుకుని ఆడే చిన్న కంప్యూటర్‌లో) విండోస్ తీసేసి స్టీమ్‌ఓఎస్ వేస్తే మేలా అని మీరు అడిగారు. నేను శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి విజయనగరానికి ఉద్యోగరీత్యా వెళ్లివస్తుంటాను. నా దగ్గరున్న పరికరంలో స్టీమ్‌ఓఎస్ ఉంది, మా బావమరిది దగ్గరున్న దానిలో విండోస్ ఉంది, సెలవుల్లో రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఫ్రేమ్ రేట్లు (తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయన్న లెక్క) పోల్చే వీడియోలు చూసి మాత్రం ఈ నిర్ణయం తీసుకోకండి. మీరు ఏ ఆటలు ఆడతారన్నది మొదట చూడాలి, ఆటను ఎంత తరచుగా మధ్యలో ఆపవలసి వస్తుందన్నది ఆ తర్వాత చూడాలి.

స్టీమ్‌ఓఎస్ అన్నది ఆర్చ్ లినక్స్ ఆధారంగా, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ కోసం రాసిన ఆటలను అందులో నడిపించేది 2018లో వచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్. ఆట పంపే డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను (విండోస్ గ్రాఫిక్స్ భాషను) అది లినక్స్‌లో పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ చిప్‌కు అందజేస్తుంది. ఒంటరిగా ఆడుకునే ఆటలలో అధిక భాగం ఈ పద్ధతిలో ఇబ్బంది లేకుండా నడుస్తాయి. చిక్కంతా ఆన్‌లైన్ పోటీ ఆటలతోనే. మోసాలను అరికట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములలో ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ వంటివి ప్రోటాన్‌లో పనిచేయగలిగినా, ఆట తయారీదారు అందుకు అనుమతి ఇవ్వాలి. ఫోర్ట్‌నైట్‌కు ఆ అనుమతి లేదు. అపెక్స్ లెజెండ్స్ 2024లో లినక్స్‌కు తలుపులు మూసేసింది. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడాది బ్యాటిల్‌ఐ పెట్టాక స్టీమ్ డెక్ (వాల్వ్ సొంత హ్యాండ్‌హెల్డ్) మీద ఆడడానికి వీలు లేకుండా పోయింది. మా బావమరిది విండోస్‌ను వదలకపోవడానికి కారణం ఒక్క ఫోర్ట్‌నైటే, నా దృష్టిలో అది సరిపోయే కారణం. మైక్రోసాఫ్ట్ వారి పీసీ గేమ్ పాస్ చందాతో ఆటలు దించుకుని ఆడేవారికీ విండోస్ తప్పదు.

అలాంటి ఆటలేవీ మీ జాబితాలో లేకపోతే, నేను స్టీమ్‌ఓఎస్ వైపే మొగ్గుతాను, ప్రధానంగా దాని నిద్ర కోసం. పొందూరు దాటాక పెట్టె కిక్కిరిసి, పక్కవారికి చోటివ్వడానికి జరగవలసి వచ్చినప్పుడు నేను పవర్ బటన్ ఒకసారి నొక్కి పరికరాన్ని సంచిలో వేసేస్తాను. చీపురుపల్లిలో కొంత ఖాళీ అయ్యాక మళ్లీ నొక్కితే, ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉన్న అదే క్షణంలో ఆట తెరుచుకుంటుంది. సేవ్ చేసుకునే చోటు వచ్చేదాకా ఆగాలన్న బెంగ ఉండదు. విండోస్‌లోని మోడర్న్ స్టాండ్‌బై అనే నిద్ర పద్ధతి వేరే ఆలోచనతో చేసినది. ఫోన్ లాగా తెర ఆరిపోయినా లోపల కొన్ని పనులు సాగుతూ ఉండాలన్నది దాని ఉద్దేశం కనుక, నిద్రలో ఉందనుకున్న పరికరం సంచిలో మేలుకొని బ్యాటరీ ఖర్చు చేసే అవకాశం ఉంటుంది. విండోస్‌నే ఉంచుకుంటే సెట్టింగ్స్‌లో పవర్ బటన్‌కు స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టుకోండి. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదికి రాసి విద్యుత్తును పూర్తిగా ఆపేస్తుంది. తిరిగి తెరవడానికి మరికొంత సమయం పట్టినా బ్యాటరీ మిగులుతుంది.

వేగం విషయానికి వస్తే, ఈ పరికరాలలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఉండి ఒకే విద్యుత్ కోటాను పంచుకుంటాయి. 15 వాట్ల పరిమితిలో నడుస్తున్నప్పుడు వెనుక నడిచే ప్రోగ్రాములు ప్రాసెసర్‌కు పని పెడితే, ఆ మేరకు గ్రాఫిక్స్ వాటా తగ్గుతుంది. స్టీమ్‌ఓఎస్ గేమింగ్ మోడ్‌లో అలాంటి బరువు తక్కువ. మైక్రోసాఫ్ట్ కూడా దీన్ని గుర్తించబట్టే 2025 అక్టోబరులో ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై అనే హ్యాండ్‌హెల్డ్‌తో పాటు డెస్క్‌టాప్ భాగాలను లోడ్ చేయని ఫుల్ స్క్రీన్ పద్ధతిని తెచ్చింది. అయితే బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నది ఆపరేటింగ్ సిస్టమ్ కంటే మీరు పెట్టే వాట్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 40 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న పరికరం తెరతో కలిపి 20 వాట్లు తింటే రెండు గంటలకు మించి రాదు, అందులో విండోస్ ఉన్నా స్టీమ్‌ఓఎస్ ఉన్నా సరే. వాట్లను, ఫ్రేమ్ రేటును ఆట ఆడుతూనే పక్క మెనూ నుంచి తగ్గించుకునే వీలు స్టీమ్‌ఓఎస్‌లో మొదటి నుంచీ ఉంది. వేసవిలో మన వైపు కరెంటు పోయే సాయంత్రాలలో నేను ఫ్రేమ్ రేటును 40కి కట్టేసి ఆడుతుంటాను.

ఊళ్లో మొబైల్ డేటా మీద ఆధారపడే వారికి ఉపయోగపడే మాట ఇంకొకటి ఉంది. ఒకే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి హ్యాండ్‌హెల్డ్‌లోకి ఆటను నేరుగా కాపీ చేసే సదుపాయాన్ని స్టీమ్ 2023లో తెచ్చింది. ల్యాప్‌టాప్‌లో విండోస్, హ్యాండ్‌హెల్డ్‌లో స్టీమ్‌ఓఎస్ ఉన్నా, ప్రోటాన్‌తో నడిచే ఆటలకు ఫైళ్లు ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. హాస్టల్‌లో స్నేహితుల ఫైబర్ కనెక్షన్ ఉంటే అక్కడ ల్యాప్‌టాప్‌లోకి దించుకొని పలాస తీసుకువెళ్లండి.

మార్చాలని నిర్ణయించుకుంటే ముందుగా మీ పరికరంలో ఉన్నది ఏఎండీ చిప్పేనా అని చూసుకోండి. 2025 మే నెలలో వచ్చిన స్టీమ్‌ఓఎస్ 3.7తో ఇతర కంపెనీల పరికరాలకు మద్దతు పెరిగినా అది ఏఎండీ చిప్పులున్న వాటికే. ఇంటెల్ చిప్ ఉన్నదైతే విండోస్‌లోనే ఉండండి. రికవరీ యూఎస్‌బీ (ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్) నుంచి స్టీమ్‌ఓఎస్‌ను ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది కనుక, కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లను ముందే వేరొక చోట భద్రపరచుకోండి. తయారీదారుల బయోస్ (పరికరాన్ని మొదట మేల్కొలిపే అంతర్గత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చాలావరకు విండోస్ నుంచే సులువుగా పడతాయి కాబట్టి ఆ పని కూడా ముందే ముగించి, ఆ తర్వాతే బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే తెరవనిచ్చే రక్షణను) ఆపి ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టండి. విండోస్ లైసెన్సు గురించి భయం అక్కర్లేదు. కంపెనీ నుంచి విండోస్‌తో వచ్చిన పరికరాలలో ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి, మళ్లీ అదే ఎడిషన్ వేసుకుంటే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.