స్కోరులో ఇరవై ఎక్కడుంది?

సందేహం: అబ్రహాం లింకన్ ప్రసంగానికి ఒక అనువాదంలో ‘నాలుగు స్కోర్ల ఏడేళ్ల కిందట’ అని ఉంది. నిఘంటువు చూస్తే స్కోరంటే ఇరవై అట. క్రికెట్ చూస్తూ మనం ‘స్కోరెంత?’ అని అడుగుతామే, ఆ స్కోరుకూ ఈ ఇరవైకీ ఏమైనా సంబంధం ఉందా? ‘స్కోర్స్ ఆఫ్ పీపుల్’ అని ఉన్నచోట తెలుగులో ఏం రాయాలి?

సమాధానం: రెండూ ఒకే మాట. దానికి మొదటి అర్థం గాటు, అంటే కర్ర మీద కత్తితో పెట్టే గాటు. స్కాండినేవియా వాళ్ల పాత భాష అయిన ప్రాచీన నార్స్‌లో ‘స్కోర్’ అంటే గాటు అనీ, ఇరవై అనీ రెండర్థాలూ ఉన్నాయి. అక్కడి నుంచే ఇంగ్లీషులోకి వచ్చింది. దీని మూలధాతువుకు కోయడమని అర్థం. ఉన్ని కత్తిరించడాన్ని చెప్పే ‘షియర్’, వాటాను చెప్పే ‘షేర్’ దీనికి దాయాదులే. పంచుకోవాలంటే ముందు కోయాలి కదా!

గాటు ఇరవై ఎందుకైంది? గొర్రెల్లాంటివాటిని ఇరవై దాకా నోటితో లెక్కపెట్టి, ఇరవై కాగానే కర్ర మీద ఒక గాటు పెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారని నిఘంటుకారుల ఊహ. చేతివేళ్లూ కాలివేళ్లూ కలిపితే ఇరవై కాబట్టి ఇరవైల లెక్క చాలా భాషల్లో కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు ఎనభైని ఇప్పటికీ ‘నాలుగు ఇరవైలు’ అనే అంటారు. తొంభై వాళ్లకు ‘నాలుగు ఇరవైల పది’. నేర్చుకునేవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

ఈ గాట్ల కర్రను ఇంగ్లీషులో ‘టాలీ’ అంటారు. ‘లెక్క టాలీ కావడం లేదు’ అని మనం విసుక్కునేది ఈ మాటతోనే. ఇంగ్లండు రాజుల ఖజానాలో వందల ఏళ్లపాటు ఇదే రసీదు. గాటు వెడల్పును బట్టి సొమ్ము: వెయ్యి పౌండ్లకు అరచేయి మందం, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు ఉబ్బిన బార్లీ గింజంత. గాట్లు పెట్టాక కర్రను నిలువునా చీల్చి, సొమ్ము కట్టినవాడికి ఒక బద్ద, ఖజానాకు ఒక బద్ద ఉంచేవారు. రెండు బద్దలూ జోడిస్తే గాటుకు గాటు కలవాలి. లెక్క టాలీ కావడమంటే అదే!

1826లో ఈ పద్ధతి ముగిసింది. మిగిలిపోయిన పాత కర్రల్ని వదిలించుకుందామని 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి కాల్చారు. మంటలు అదుపు తప్పి పార్లమెంటు ఉభయసభలూ తగలబడ్డాయి. ఒక దేశం పాత లెక్కలు తగలబెట్టబోయి చట్టసభనే తగలబెట్టుకుంది.

ఇక క్రికెట్. ఈ ఆట తొలిరోజుల్లో లెక్క రాసేవాడి చేతిలో పుస్తకానికి బదులు కర్రా కత్తీ ఉండేవి. పరుగుకో గాటు. పరుగుల్ని ‘గాట్లు’ అనే పిలిచేవారు కూడా. గాటు నుంచి లెక్క, లెక్క నుంచి ఆటలో వచ్చిన మొత్తం. ‘స్కోరు తేల్చుకోవడం’ అని పగ గురించి ఇంగ్లీషువాళ్లంటారు, ‘నీ లెక్క తేలుస్తా’ అని మనమూ అంటాం. ‘ఆన్ దట్ స్కోర్’కు ‘ఆ లెక్కన’ అనే మన మాట అచ్చంగా అతుకుతుంది. ఈమెయిల్ చిరునామాలో అక్షరాల మధ్య అడుగున గీసే ‘అండర్‌స్కోర్’లో మాత్రం లెక్కేమీ లేదు, పాత గాటే గీతగా మిగిలింది.

లింకన్ దగ్గరికి వద్దాం. ఆయన గెటిస్‌బర్గ్‌లో మాట్లాడింది 1863 నవంబరు 19న. నాలుగిరవైలు ఎనభై, మరో ఏడు కలిపితే ఎనభై ఏడు. అన్నేళ్లు వెనక్కి వెళ్తే 1776, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జరిగిన సంవత్సరం. ఎనభై ఏడేళ్లని సూటిగా అనొచ్చు గానీ, ఆయనకు బైబిలు పలుకు కావాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, 90వ కీర్తనలో మనిషి ఆయుష్షు ‘మూడు స్కోర్ల పదేళ్లు’. తమాషా ఏమిటంటే, హీబ్రూ మూలంలో ఉన్నది ఉత్త డెబ్బై. స్కోరు అనువాదకుల చలవ. మన తెలుగు బైబిలు ‘డెబ్బది సంవత్సరములు’ అనే రాసింది, అదే సరి.

కాబట్టి ‘నాలుగు స్కోర్ల ఏడేళ్లు’ తెలుగు కాదు. చదివేవాడికి ముందు క్రికెట్ గుర్తొస్తుంది. ‘ఎనభై ఏడేళ్ల కిందట’ అంటే అర్థం నిలుస్తుంది. ఆ గాంభీర్యమూ కావాలనుకుంటే ‘ఎనుబదియేడు వత్సరముల క్రిందట’ అనండి, నాకు అభ్యంతరం లేదు. ‘స్కోర్స్ ఆఫ్ పీపుల్’కు ‘పదుల సంఖ్యలో జనం’ చక్కగా సరిపోతుంది. పత్రికల్లో దీన్నే ‘వందలాది మంది’ అని రాసేస్తుంటారు. గాయపడ్డవాళ్లు అరవై మందైతే ఆ మాట అబద్ధమే అవుతుంది.