లాయర్ పేరు అడిగే ముందు ఈ ఉత్తరం చదువు

చి.ల.సౌ. చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. కొంపల్లి ఫ్లాటు, అల్లుడి చెక్కు, మీ అత్తగారి ఇల్లు అన్నీ కలిపి రాసేసి, చివర్లో "మంచి లాయర్ ఉంటే చెప్పు మామయ్యా, సిటీ సివిల్ కోర్టులో కేసులు వేసేద్దాం" అన్నావు. లాయర్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు రాసిన మూడు గొడవల్లో ఒక్కటి కూడా ముందుగా సిటీ సివిల్ కోర్టు గడప తొక్కాల్సింది కాదు.

నా ఉద్యోగమంతా కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లోనే గడిచిందని నీకు తెలుసు. దావా కాగితాలకు నంబరు పడకముందే వాటిని చూసేది మేమే. "ఈ కోర్టుకు పరిధి ఎలా ఉందో చూపాలి" అని అబ్జెక్షన్ రాసి వెనక్కిచ్చిన కట్టలు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. వాటిలో న్యాయం లేని కేసులు తక్కువ. చాలామంది తమకు జరిగిన అన్యాయం గురించి పేజీలకు పేజీలు రాస్తారు కానీ, చివరికి తమకేం కావాలో, అది ఎవరిచేత ఇప్పించాలో మాత్రం తేల్చుకోరు. అది తేలితే కోర్టు ఏదో సగం తేలినట్టే. మిగతా సగం డబ్బు ఎంత, జరిగింది ఎక్కడ, ఎప్పుడు అన్న లెక్కల మీద తేలుతుంది.

నీ ఫ్లాటునే తీసుకో. గడువు దాటి ఏడాదిన్నర అయింది, 38 లక్షలు కట్టారు, బిల్డర్ ఫోన్ ఎత్తడం లేదు. సరే, ఇప్పుడు నీకు ఏం కావాలి? ఫ్లాటు మీద ఆశ వదులుకుని డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకుంటావా, లేక ఫ్లాటే కావాలి, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కట్టమంటావా? ఈ రెండూ రియల్ ఎస్టేట్ బిల్డర్లను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం నీకిచ్చిన హక్కులే. ఏది కావాలో ఎంచుకోవాల్సింది నువ్వు, బిల్డర్ కాదు. వాటికి తెలంగాణ రెరా అథారిటీకి ఫిర్యాదు చేయాలి. మన రాష్ట్ర నిబంధనల్లో వడ్డీ అంటే స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్ (అప్పులకు బ్యాంకు వేసే మూల వడ్డీ రేటు) మీద 2 శాతం అదనం. ఇవి కాక పడ్డ ఇబ్బందికి పరిహారం కూడా కావాలంటే అది రెరాలోనే ఉండే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ తేలుస్తారు, దానికి ఫారం వేరు. రెండూ ఒకే కాగితంలో కుక్కి పంపితే ఆలస్యం తప్పదు. రెరా చూడాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు తలదూర్చకూడదని ఆ చట్టమే చెప్పింది. అందుకే సిటీ సివిల్ కోర్టు వద్దన్నాను.

ఇంకో దారి వినియోగదారుల కమిషన్. ఫ్లాటు కొన్నవాళ్లు ఇక్కడికి కూడా వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. కాకపోతే ఒకే ఉపశమనం కోసం రెండు చోట్లా కేసు నడపకూడదు. 2019 చట్టం వచ్చాక ఇక్కడ లెక్క మారింది. నువ్వు ఎంత పరిహారం అడుగుతున్నావన్నది కాదు, ఎంత చెల్లించావన్నది చూస్తారు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆ పైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అది దాటితే ఢిల్లీలోని జాతీయ కమిషన్. మీరు కట్టింది 38 లక్షలు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. మరో సౌకర్యం ఏమిటంటే నువ్వు నివసించే చోటే వేయొచ్చు. ఫ్లాటు కొంపల్లిలో ఉందని, అది మేడ్చల్ జిల్లా అని కంగారు పడకు. మలక్‌పేటలో ఉంటున్నావు కాబట్టి హైదరాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు.

రెండింట్లో ఏది మేలంటే, ఫ్లాటే కావాలనుకుంటే రెరా అంటాను. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్, అనుమతులు, బిల్డర్ ఇచ్చిన హామీలు అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. డబ్బే కావాలనుకుంటే కొంచెం ఆలోచించాలి. ఆర్డర్ రావడం ఒక ఎత్తు, ఆ డబ్బు చేతికి రావడం ఇంకో ఎత్తు. రెరా ఆర్డర్ ప్రకారం బిల్డర్ కట్టకపోతే భూమి శిస్తు బకాయి లాగా రెవెన్యూ వాళ్లు వసూలు చేయాలి. వాళ్లకు ఉండే పనులు నీకు తెలియనివి కావు. వినియోగదారుల కమిషన్ ఆర్డర్‌ను ధిక్కరిస్తే మూడేళ్ల వరకు జైలు వేసే అధికారం ఆ కమిషన్‌కే ఉంది. బిల్డర్లు ఈ రెండో దానికే ఎక్కువ భయపడతారన్నది నా అభిప్రాయం. ఏది వేసినా ముందు ఆ కంపెనీ మీద కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా కేసు ఏదైనా అడ్మిట్ అయిందేమో చూసుకో. అయి ఉంటే రెరా, కమిషన్ అన్నీ ఆగిపోతాయి. అప్పుడు దివాలా ప్రక్రియ చూసే అధికారికి గడువులోగా నీ క్లెయిమ్ ఇవ్వడమే దారి.

అన్నట్టు, ఇది ప్రీలాంచ్ ఆఫర్‌లో కొన్నది కాదు కదా? రెరా రిజిస్ట్రేషన్ లేకుండానే బ్రోచర్ చూపించి డబ్బు కట్టించుకున్నది అయితే కథ వేరు. మన ఊళ్లో ఇలా మునిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు రెరాతో పాటు పోలీసు కేసు కూడా ఆలోచించాలి. రిజిస్ట్రేషన్ నంబరు పంపు, వెబ్‌సైట్‌లో చూస్తాను.

ఇక అల్లుడి చెక్కు, అదే అతని స్నేహితుడు ఇస్తే బౌన్స్ అయిన చెక్కు సంగతి. మూడింటిలో తొందర ఉన్నది దీనికే, నువ్వేమో దీన్ని ఆఖరున ఒక్క లైనులో రాశావు. చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు, ఇచ్చినవాడికి డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. అప్పటికీ కట్టకపోతే అక్కడినుంచి నెలలోపు మెజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. చివరిదానికి ఆలస్యమైతే తగిన కారణం చూపించి మాఫీ అడగొచ్చు కానీ, ముప్పై రోజుల నోటీసు తప్పితే దాన్ని బాగుచేసే దారి లేదు. చెక్కుకు మూడు నెలల గడువు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ బౌన్స్ అయ్యాక కొత్తగా నోటీసు ఇవ్వొచ్చు. ఆ స్నేహితుడు వరంగల్‌లో ఉంటాడని, అక్కడికి తిరగలేమని రాశావు. తిరగక్కర్లేదు. 2015లో చట్టం సవరించాక, చెక్కు మన ఖాతాలో వేసుకుంటే ఆ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే కేసు. అల్లుడి ఖాతా అమీర్‌పేట బ్రాంచిలో ఉంటే ఆ వాయిదాలకు వరంగల్ నుంచి అతనే రావాలి.

ఈ ఎక్కడ అన్న ప్రశ్నకు ప్రతి చట్టం ఒక్కో జవాబు చెబుతుంది, జనం తికమక పడేది ఇక్కడే. చెక్కుకు మన బ్యాంకు బ్రాంచి. వినియోగదారుల కేసుకు మన ఇల్లు. అప్పు వసూలు దావాకు మామూలుగా అవతలివాడు ఉండే చోటు, లేదా లావాదేవీ జరిగిన చోటు. స్థిరాస్తికి మాత్రం ఆస్తి ఉన్న చోటే. అన్నదమ్ములిద్దరూ హైదరాబాద్‌లోనే ఉంటారు, గొడవేమో శంషాబాద్ దగ్గరి స్థలం మీద. ఇద్దరి ఇళ్లకూ దగ్గర కదా అని పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో దావా వేస్తారు. స్థలం రంగారెడ్డి జిల్లాది కాబట్టి దావా కూడా ఆ జిల్లా కోర్టులకే పోవాలి. ఇలా వెనక్కొచ్చినవాళ్ల మొహం చూస్తే జాలేసేది.

మీ అత్తగారి విషయం రాస్తుంటే మనసుకు కష్టంగా ఉంది. ఇల్లు పెద్దబ్బాయి పేరు మీద గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసిచ్చాక అతను పట్టించుకోవడం మానేశాడన్నావు. దీనికి కోర్టే అక్కర్లేదు. 60 ఏళ్లు దాటినవాళ్ల కోసం 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. దానికింద ఆర్డీవో అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ రాసిచ్చినా తీసుకోవాలి. లాయర్లు ఉండాలన్న నియమం లేదు, అసలు లాయర్లను రానివ్వకూడదనే ఆ చట్టంలో రాశారు. నెలవారీ పోషణ అడగొచ్చు, గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయమని కూడా అడగొచ్చు. రద్దుకు ఒక మెలిక ఉంది. నన్ను చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నానని ఆ డీడ్‌లో ఉందా లేదా అన్నది ముందు చూస్తారు. ఆ షరతు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. 2025లో ఇంకో కేసులో పెద్దవాళ్లకు మేలు జరిగేలా చట్టాన్ని ఉదారంగా చదవాలంది. కాబట్టి డీడ్ నకలు తెచ్చి పెట్టు, అందులో ఒక్కో వాక్యం చదవాలి. పక్కన ఏదైనా ఒప్పంద పత్రం రాసుకుని ఉంటే అది కూడా కావాలి. షరతు ఏమీ లేకుండా, మోసం చేసి రాయించుకున్నాడనే వాదనే మిగిలితే అప్పుడు సివిల్ కోర్టు తప్పదు, దానికి మోసం తెలిసిన నాటినుంచి మూడేళ్లే గడువు.

ఇంకో మాట. ఆమెను అడగకుండా అర్జీ రాయకు. కొడుకు మీద ట్రిబ్యునల్‌కు వెళ్లడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

నీ పక్కింటివాళ్లు అడిగిన అద్దె ఇంటి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కిరాయిదారును ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోవాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఇవాళ సిటీలో ఆ ధరకు గది కూడా దొరకడం లేదు కాబట్టి దాదాపు అన్ని ఖాళీ కేసులూ సివిల్ కోర్టుకే వస్తున్నాయి. నెలవారీ అద్దె అయితే ముందు 15 రోజుల నోటీసు ఇచ్చి, తర్వాత దావా. వాళ్లు మాత్రం నిజంగానే సిటీ సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.

అప్పు కట్టలేదని బ్యాంకువాళ్లు ఇల్లు స్వాధీనం చేసుకున్నామని సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని తీసుకునే చట్టం) కింద నోటీసు అంటిస్తే, ఆపించే ఇంజంక్షన్ కోసం సివిల్ కోర్టుకు పరిగెత్తి లాభం లేదు. 45 రోజుల్లోపు అప్పుల వసూలు ట్రిబ్యునల్ డీఆర్‌టీకి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు గొడవ కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ క్యాట్‌కు, రాష్ట్ర ఉద్యోగిది ఇప్పుడు నేరుగా హైకోర్టుకు. తెలంగాణలో పరిపాలనా ట్రిబ్యునల్‌ను 2016లోనే తీసేశారు. రోడ్డు ప్రమాద పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, రైల్లో జరిగితే సికింద్రాబాద్‌లోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఫలానా విషయానికి ప్రత్యేక చట్టం ఉందా, ఆ చట్టం ఒక ప్రత్యేక చోటు చూపించిందా అని అడగడం అలవాటైతే చాలు.

హైకోర్టుకు పోతానని ఆవేశపడే మనుషులు మన చుట్టాల్లోనే ఉన్నారు. హైకోర్టులో వేసే రిట్ అనేది ప్రభుత్వం, మున్సిపాలిటీ, రెవెన్యూ అధికారి లాంటివాళ్లు చట్టం తప్పినప్పుడు వేసేది. అక్కడ కూడా అప్పీలుకు వేరే చోటు ఉంటే ముందు అక్కడికి వెళ్లి రమ్మనే అంటారు చాలాసార్లు. బావమరిది అప్పు ఎగ్గొడితే హైకోర్టు ఏం చేస్తుంది?

తప్పు చోట వేస్తే ఏమవుతుందని అడిగావు. పరిధి లేదని తేలితే కాగితాలు వెనక్కిస్తారు, సరైన చోట మళ్లీ వేసుకోవాలి. నిజాయితీగా, శ్రద్ధగానే పొరపడ్డామని చూపిస్తే అక్కడ పోయిన కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేసే వెసులుబాటు లిమిటేషన్ చట్టంలో ఉంది. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, అవతలి లాయర్ ఆ శ్రద్ధనే ప్రశ్నిస్తాడు. అసలు అధికారమే లేని కోర్టు డిక్రీ ఇచ్చినా అది చెల్లదు. ఏళ్ల తరబడి నడిచి గెలిచిన కేసు అలా పోతే ఎవరిని తిట్టుకుంటాం?

మీ ఫ్లాటు ఒప్పందం చివరి పేజీలు కూడా చదివి ఉండవు. ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే గొడవ వస్తే కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో చూడు. ఉందని చెప్పి బిల్డర్ భయపెడతాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి అది అడ్డు కాదు. అదే ఇద్దరు వ్యాపారుల మధ్య ఒప్పందమైతే ఆ క్లాజుకు కట్టుబడాల్సిందే.

ఖర్చు గురించి టెన్షన్ పడకు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. మీ అత్తగారికీ వర్తిస్తుంది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే న్యాయ సేవా సదన్ ఉంది, లేదంటే 15100కు ఫోన్ చేయొచ్చు. కరెంటు, నీళ్లు, ఇన్సూరెన్స్, ఆస్పత్రి లాంటి వాటి మీద గొడవ వస్తే, కోర్టుకు వెళ్లకముందే శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు, అక్కడ కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోయినా వాళ్లే తీర్పు ఇవ్వగలరు. మామూలు లోక్ అదాలత్‌కు ఆ అధికారం లేదు.

ఫ్లాటు ఒప్పందం, కట్టిన రసీదులు, గిఫ్ట్ డీడ్ నకలు ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా. చెక్కు రిటర్న్ మెమో, అంటే బౌన్స్ అయిందని బ్యాంకు ఇచ్చిన కాగితం, మాత్రం ఆదివారం దాకా ఆగదు. దాని మీద ఉన్న తేదీ కనిపించేలా ఫొటో తీసి ఇవాళే పంపమని అల్లుడికి చెప్పు. 30 రోజుల్లో ఎన్ని మిగిలాయో చూసి, నోటీసు రాయించడానికి రేపే ఒకరితో మాట్లాడతాను.

ఇట్లు,
మామయ్య