పేదరికం లెక్కలు రాసేటప్పుడు

తమ్ముడికి,

వ్యాసం చదివాను. అనంతపురం తలసరి ఆదాయం పెరిగింది కాబట్టి పేదరికం తగ్గిందని రాశావు. ఆ ‘కాబట్టి’ తీసెయ్. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చేది తలసరి. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ లాభం ఎవరి చేతికి పోయినా, విలువ మాత్రం అక్కడి లెక్కలోకే చేరుతుంది. పైగా 2022 ఏప్రిల్‌లో పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెట్టొద్దు.

పది ఇళ్లలో తొమ్మిదింటికి నెలకు 8,000, ఒకదానికి 1,28,000 వస్తే సగటు 20,000. అంత వచ్చే ఇల్లు అందులో ఒక్కటీ లేదు. సగటుతో పాటు మధ్యగతం, అంటే ఇళ్లను ఆదాయం వరుసలో పెడితే నడిమధ్యన వచ్చే అంకె, కూడా ఇవ్వు. ఇక్కడ అది 8,000.

అసమానత దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ తడబడతారు. అసమానతను గినీ అనే అంకెతో కొలుస్తారు; సున్నా అంటే అందరికీ సమానం, ఒకటికి దగ్గరయ్యేకొద్దీ తేడా ఎక్కువ. 2023-24 వినియోగ ఖర్చు సర్వేలో గ్రామాల గినీ 0.237, అంతకు ముందేడు 0.266. తగ్గింది నిజమే, కానీ కొలిచింది ఖర్చును. అసమానతపై పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అంచనాలో 2022-23లో పై ఒక్క శాతం మందికి దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం దక్కింది. ఉన్నవాళ్లు మిగిలింది భూమిలో, షేర్లలో పెడతారు. లేనివాళ్లు అప్పుచేసైనా బియ్యం కొంటారు. అందుకే ఖర్చులో తేడా చిన్నగా కనబడుతుంది. ఖర్చు లెక్క, ఆదాయం-సంపద లెక్క ఒకదాన్నొకటి కొట్టేయవు.

పేదరిక రేఖ పేరు చెప్పకుండా శాతం రాయొద్దు. 2011-12కే టెండూల్కర్ కమిటీ లెక్కలో పేదలు 21.9 శాతం, రంగరాజన్ కమిటీ లెక్కలో 29.5. గ్రామాల్లో మనిషికి నెలకు 816 రూపాయలని ఒకరు, 972 అని ఇంకొకరు గీత గీశారు. ఆ తేడాలో కోట్లమంది ఉన్నారు, తమ్ముడూ.

ఊళ్లోకి పోయినప్పుడు ‘నీ ఆదాయమెంత’ అని అడగొద్దు. పోయిన నెల ఎన్ని దినాలు కూలి దొరికింది, దినానికి ఎంత, అంగట్లో బాకీ ఎంత, నూటికి వడ్డీ ఎంత అని అడుగు. శెనక్కాయ రైతు అమ్మిన మొత్తం చెబితే విత్తనం, మందులు, ట్రాక్టర్ బాడుగ, కౌలు తీసేసి చూడు. కర్నూలు పడమటి పల్లెల్లో సుగ్గికి, అంటే కూలి కోసం వలస, పోయే కాలంలో ఇళ్లకు తాళాలుంటాయి. అప్పుడు పోతే అందరికన్నా లేనివాళ్లే లెక్క తప్పిపోతారు. వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ పో.

తిరగరాసేటప్పుడు ప్రతి అంకె పక్కనా ఏ ఏడాదిది, ఖర్చా ఆదాయమా ఆస్తా, పల్లెదా పట్నానిదా అని రాసి పంపు.

మీ అన్న