ఇంట్లో చదివించబోతున్న అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి, రాజమండ్రి నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పాపను రెండో తరగతి మధ్యలో బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని నువ్వూ అల్లుడుగారూ నిశ్చయించుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీ అక్కనూ అన్నయ్యనూ పదో తరగతి పరీక్షల దాకా ఇంట్లో చదివించినదాన్ని కనుక, నాకు తెలిసింది రాయమని అడిగావట. సలహాలు చాలా చెప్పవచ్చు గాని, అందులో ఎక్కువ భాగం నీ ఇల్లే నీకు నేర్పుతుంది. ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే గట్టిగా పట్టుకో. పిల్ల చేతికి ఇచ్చే పని ఇంటికి నిజంగా అక్కరకు వచ్చేదై ఉండాలి, ఇచ్చిన తరువాత నీ చెయ్యి అందులో పెట్టకూడదు.

దీన్ని నేను ఎలా తెలుసుకున్నానో చెబుతాను. మీ అక్కకు అప్పుడు ఏడేళ్లు. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క పెట్టి, అంటే నడుమ వరుసకు అటూ ఇటూ ప్రతి వరుసా ముందు వరుస సందుల్లో ఒక్కో చుక్క తగ్గిస్తూ పెట్టి, ముగ్గు కలపమని తనకు అప్పగించాను. చిన్న వేళ్ల మధ్య నుంచి పిండి ఒకచోట కుప్పగా పడుతూ, ఒకచోట గీత తెగిపోతూ ఉంది. వీధిలో అందరూ చూస్తారన్న బిడియంతో నేను తడిగుడ్డ తెచ్చి తుడిచి, మళ్లీ నా చేత్తో వేశాను. అది ఏమీ అనలేదు, ముగ్గు చిప్ప గడప పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఏడాది ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టేదాకా ఆ చిప్ప ముట్టుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడు నేను అరుగు మీద కూర్చుని, తను ఎలా వేసినా చూస్తూ ఊరుకున్నాను. నాలుగైదు రోజులకు గీత కుదిరింది. పది రోజులు గడిచాక తనే చుక్కలు లెక్కపెట్టి, "అమ్మా, ఇవి ముప్పై ఏడు" అంది. మూడు చుక్కలు రెండు వరకు పెడితే 7, అయిదు మూడు వరకు పెడితే 19, ఏడు నాలుగు వరకు పెడితే 37 అని పలక మీద రాసుకుంది. ఒక్క చుక్క నుంచి మొదలుపెడితే పెరుగుదల 6, 12, 18 అని, అంటే ఆరో ఎక్కమేనని కనిపెట్టి, అయితే తొమ్మిది చుక్కల ముగ్గుకు ఇంకో 24 కలిసి 61 కావాలని, నిజమో కాదో చూడటానికి వాకిలంతా చుక్కలు పెట్టింది. ఆ ఉదయం నేను ఒక్క మాట కూడా నేర్పలేదు.

అందుకే చెబుతున్నాను, చేతిపని అంటే రంగు కాగితాలు కత్తిరించి, అతికించి, ఫోటో తీసి పక్కన పడేసేది కాదు. అలాంటివి ఎప్పుడో ఒకసారి చేసినా తప్పులేదు గాని, పిల్లలకు వాటి మీద రెండో రోజు ప్రేమ ఉండదు. నీ పాత నూలు చీరలు నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టడానికి కూర్చోబెట్టు. రోజుకు ఒక జానెడు చాలు. ఆ బొంత కప్పుకుని తమ్ముడు పడుకుంటాడని తెలిస్తే కుట్టు వంకర పోయినచోట తనే విప్పి మళ్లీ కుడుతుంది. గొలుసు కుట్టు, కాడ కుట్టు ఆ తరువాత తనంతట తనే అడిగి నేర్చుకుంటుంది.

లెక్కలకు మన కొలతపాత్రలను మించిన సాధనం నేను చూడలేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కుంచంలో పదహారు సోలలు పడతాయని ఎవరూ చెప్పకుండానే బియ్యం పోసి చూసుకుని మీ అన్నయ్య తెలుసుకున్నాడు. ఆవకాయ రోజు ఇంకా మంచిది. మన ఇంటి లెక్కలో నాలుగు మానికల ముక్కలకు ఒక మానిక కారం, ఒక మానిక ఆవపిండి, అంతకు కాస్త తగ్గించి ఉప్పు. ముక్కలు మూడు మానికలే తేలాయనుకో, కారం ఎంత పడుతుందని పాపను అడుగు. మూడు సోలలని చెప్పడానికి పావుగంట పట్టినా నోరు విప్పకు. తప్పితే జాడీ పాడవుతుందని తనకూ తెలుసు కాబట్టి, పుస్తకంలో భిన్నాలకు లేని శ్రద్ధ అక్కడ వస్తుంది.

అయితే పనిలోనే అన్నీ వస్తాయని నమ్మి కూర్చోకు. టిఫిను అయ్యాక గంటన్నర సేపు చదవడం, రాయడం, లెక్కలు, ఆదివారం తప్ప ఏ రోజూ మానకుండా జరగాలి, ఆ సమయంలో నీ ఫోను వేరే గదిలో ఉండాలి. అంతకు మించి కూర్చోబెట్టకు. మొదటి ఏడాది నేను తొమ్మిది నుంచి మూడు దాకా గంటల పట్టిక పెట్టి, నల్లబల్ల ముందు నిలబడి, సాయంత్రానికి గొంతు పోయి, పిల్లలను కసురుకుంటూ మూడు నెలలు వృథా చేశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట తెలుగులో కథ చదివి వినిపించు, పాపకు సొంతంగా చదవడం వచ్చాక కూడా మానకు. వత్తులు పలకడం, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియడం, ఇవన్నీ చెవి నుంచే వస్తాయి. చిన్నవాణ్ణి ఆ గంటన్నరలో బయటకు పంపే ప్రయత్నం చేయకు. పల్లీలు ఒలవమనో, పప్పులో రాళ్లు ఏరమనో పక్కనే కూర్చోబెడితే వాడికీ తన పని తనకు ఉంటుంది.

కాగితాల సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. బడి నుంచి టీసీ ఇప్పుడే తీసుకుని, జనన ధ్రువపత్రంతో కలిపి భద్రపరచు. పాప రాసిన నోటుపుస్తకాలు తేదీలు వేసి దాచు. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో పదో తరగతికి చేరడానికి 14 ఏళ్లు నిండి ఉండాలి. పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబరు-నవంబరు నెలల్లోనూ జరుగుతాయి. ఒకసారి నమోదైతే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కరలేదు. మీ తెలంగాణలోనూ, ఇక్కడ ఆంధ్రలోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. మీ అన్నయ్య లెక్కలూ తెలుగూ ముందు రాసి, సైన్సుకు ఇంకో ఆరు నెలలు తీసుకున్నాడు. దానివల్ల వాడి పైచదువుకు ఏ ఇబ్బందీ రాలేదు.

బంధువులు ప్రతి పెళ్లిలోనూ పాపను నిలబెట్టి ఎక్కాలు అడుగుతారు, అది నాకూ తప్పలేదు. వాళ్లకు మర్యాదగా జవాబు చెప్పు గాని, పిల్లను పరీక్షకు మాత్రం నిలబెట్టనివ్వకు. ఈడు పిల్లల స్నేహం సంగతి అంతకంటే ముఖ్యమైనది. సాయంత్రం అయిదింటికి మీ అపార్ట్‌మెంటు పిల్లలంతా బడి నుంచి వచ్చేసరికి పాప కింద ఉండాలి, ఆ వేళకు ఇంట్లో ఏ పనీ పెట్టకు. ఆ గంట నీది కూడా. గిన్నెలు సింకులో ఉన్నా సరే, కాసేపు పడుకో. నేను అలా చేయక రెండేళ్లు నడుము నొప్పితో బాధపడ్డాను.

వచ్చే వారం మీ అమ్మ హైదరాబాదు వస్తోంది కదా, తన చేతికి మన ఇత్తడి సోల, తవ్వ, మానిక, ఒక గిద్ద ఇచ్చి పంపుతున్నాను. అవి మా అత్తగారివి. సోలకు అంచు దగ్గర సొట్ట ఉంది గాని, కొలత తేడా రాదు, నేను పోసి చూశాను. చింతపండు పెట్టి తోమే పని పాపకే అప్పగించు.

ఇట్లు,
పెద్దమ్మ