హెల్మెట్ లేకుంటే ఆపుతరు, గంజాయి అమ్మితే ఆపరా?

ప్రశ్న: సార్, మాది నల్లగొండల ఒక కాలనీ. పొద్దుమీకితే చాలు ఖాళీ ప్లాట్ల కాడ పోరగాళ్లు గంజాయి ప్యాకెట్లు అమ్ముతున్నరు, ఇంటర్ పిల్లలు గూడ కొంటున్నరు. స్టేషన్ల చెప్తే చూస్తం అన్నరు, అంతే. మెయిన్ రోడ్డు మీద చలాన్లు మాత్రం రోజూ రాస్తరు. మా పేరు బయటికొస్తే ఎట్ల?

జవాబు: మీ కోపం కరెక్టే. చలాన్లు వద్దనను గానీ, కాలనీ సందులకు గూడ ఒక రౌండు రావాలె కదా. సంగతేందంటే, ఆంధ్రా-ఒడిశా బార్డర్ నుంచి హైదరాబాద్ పోయే సరుకు 65 నంబర్ హైవే పట్టుకొని మన జిల్లా మీంచే పోతది, పోలీసుల నజర్ అంత ఆ పెద్ద లోడ్ల మీదనే ఉంటది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంల, అంటే మత్తు మందుల చట్టంల, గంజాయి 20 కిలోలు దాటితే పదేండ్లకు తక్కువ శిక్ష లేదు, కిలో లోపు దొరికితే ఎక్కువల ఎక్కువ ఏడాది, లేకుంటే 10 వేల దాకా ఫైన్, లేదా రెండూ. జేబుల రెండు ప్యాకెట్లున్నోడు బెయిల్ మీద వచ్చి మళ్ల ఆ ప్లాట్ల కాడనే నిలవడ్తడు. అందుకే వానికి సరుకు తెచ్చిచ్చేటోడు దొరకాలె.

బండి నంబరు, టైము, జాగ డ్రగ్స్ దందాను పట్టుకునే రాష్ట్ర పోలీసుల ఈగల్ టీం నంబర్ 1908కి చెప్పుండ్రి. ఖబర్ ఎవరిచ్చిన్రో చెప్పమని ఆఫీసర్‌ను బలవంతపెట్టొద్దని అదే చట్టం సెక్షన్ 68లనే ఉంది. మీరే పోయి ఫొటోలు, వీడియోలు తీసుడు మాత్రం వద్దు. స్టేషన్ల కాలనీ అందరి సంతకాలతోని కాయితం ఇచ్చి రసీదు తీసుకోండ్రి, నోటిమాట ఎవరికీ యాదుండది.

ఇగ అలవాటు పడ్డ పిల్లల్ని కొట్టకుండ్రి. తమంతట తామే ట్రీట్‌మెంట్‌కు పోతే గంజాయి తాగిన కేసు, చిన్న మోతాదు కేసుల నుంచి సెక్షన్ 64ఎ కింద మినహాయింపు ఉంటది, మధ్యల ఆపేస్తే అది పోవచ్చు. సలహాకు నషా విడిపించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయుండ్రి.